నేలను అడిగి పెట్టుకునే తేదీ

భూస్వరూప శాస్త్రవేత్తల అంతర్జాతీయ మహాసభ సాధారణంగా నాలుగేళ్లకోసారి జరుగుతుంది. కొండలు ఎలా అరుగుతాయి, నదులు దారి ఎందుకు మార్చుకుంటాయి, తీరం ఎక్కడ కోతపడుతుంది, ఎడారి ఇసుక ఎటు కదులుతుంది... వాళ్లు మాట్లాడుకునేది వీటి గురించి. 1985లో మాంచెస్టర్‌లో మొదలైన ఈ సభలు ఏయే నెలల్లో జరిగాయో చూస్తే ఒక చిక్కుప్రశ్న ఎదురవుతుంది. 1989లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగింది సెప్టెంబర్‌లో. 1993లో కెనడాలోని హామిల్టన్‌లో, 2001లో టోక్యోలో, 2013లో పారిస్‌లో ఆగస్టులో. 2005లో స్పెయిన్‌లోని సరగోసాలో మళ్లీ సెప్టెంబర్. అదే సభ 2017లో ఢిల్లీకి వచ్చేసరికి నవంబర్ అయింది. 2026కి న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌ను ఎంచుకున్నప్పుడు ఫిబ్రవరి అయింది.

ఆగస్టు, సెప్టెంబర్ అంటే విశ్వవిద్యాలయాల సెలవులని సరిపెట్టుకోవచ్చు. మరి నవంబర్? ఫిబ్రవరి? గణిత శాస్త్రవేత్తలు కలుసుకోవాలంటే మంచి హాలు, విమానాశ్రయం, వసతి ఉంటే చాలు. భూస్వరూప శాస్త్రానికి అవి సరిపోవు. దాని ప్రయోగశాల హాలు బయట ఉంటుంది. అందుకే సభకు ముందు కొన్ని రోజులు, మధ్యలో ఒక రోజు, తర్వాత మరికొన్ని రోజులు క్షేత్ర పర్యటనలు పెడతారు. ఆ దారులు ఎప్పుడు తెరుచుకుంటాయి, నదిలో నీళ్లు ఎప్పుడు తగ్గుతాయి, కొండచరియలు ఎప్పుడు నిలకడగా ఉంటాయి అన్నవి తేలాకే తేదీ తేలుతుంది.

ఢిల్లీకి నవంబర్ ఎందుకు?

మన దేశంలో ఏడాది వానలో సుమారు ముప్పాతిక వంతు జూన్ నుంచి సెప్టెంబర్ లోపలే పడుతుంది. హిమాలయాల్లో వాలులు జారేదీ, గంగా యమునలు ఏడాది మొత్తం మోసే ఒండ్రులో సింహభాగాన్ని కిందికి దించేదీ ఆ నాలుగు నెలల్లోనే. నదిని చదివేవాళ్లకు అసలు కథ అప్పుడే జరుగుతుంది. కానీ ఆ కథను దగ్గరగా చూడబోతే రోడ్లు తెగుతాయి, వంతెనలు కొట్టుకుపోతాయి, కోతపడ్డ గట్లు నీటి అడుగున ఉంటాయి. వరద తీశాకే దాని పని బయటపడుతుంది. అక్టోబర్‌లో నీళ్లు తగ్గి, కొత్తగా తెగిన గట్టు కనిపిస్తుంది. ఆ గట్టులో ఒకదానిపై ఒకటి పేరుకున్న ఇసుక, బురద, గులకరాళ్ల పొరలు స్పష్టంగా తెలుస్తాయి.

అయితే ఆ వెసులుబాటు ఎక్కువ కాలం ఉండదు. మనాలి నుంచి లాహౌల్ వెళ్లే రోహ్తాంగ్ కనుమ దాదాపు 3,980 మీటర్ల ఎత్తున ఉంది. నవంబర్ మధ్యకల్లా అక్కడ మంచు దారి మూసేయడం మామూలే. కనుమ కిందుగా వెళ్లే అటల్ సొరంగం 2020 అక్టోబర్‌లో గానీ తెరుచుకోలేదు. అంటే 2017లో ఆ వైపు పర్యటన వేయాలనుకున్న ఎవరికైనా వానకూ మంచుకూ మధ్య దొరికేది ఐదారు వారాలే. పర్యటన సభకు ముందా తర్వాతా అన్న ప్రశ్నకు జవాబు ఆ మంచు చేతిలోనే ఉంటుంది.

అదే నవంబర్ మన తీరానికి వచ్చేసరికి తలకిందులవుతుంది. బంగాళాఖాతంలో తుపానులు పుట్టే ప్రధాన కాలాల్లో అక్టోబర్, నవంబర్ ఒకటి. దివిసీమను ముంచేసిన ఉప్పెన 1977 నవంబర్ 19న వచ్చింది. విశాఖపై హుద్‌హుద్ విరుచుకుపడింది 2014 అక్టోబర్ 12న. హిమాలయాలకు అనువైన వారం కృష్ణా డెల్టాకు ప్రమాదకరమైన వారం కావచ్చు. దేశం ఒకటే అయినా దాని కొండకు ఒక పంచాంగం, తీరానికి మరొకటి. ఏ ఒక్క తేదీ పెట్టినా ఎక్కడో ఒకచోట రాజీ పడక తప్పదు.

2017లో సభ నవంబర్ 6న విజ్ఞాన్ భవన్‌లో మొదలైంది. ఆ మర్నాటి నుంచే ఢిల్లీని దట్టమైన విషపు పొగమంచు కమ్మేసింది. బడులు మూసేశారు. అది సభకు సంబంధం లేని ఆపద అని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. ఢిల్లీ గాలి అలా నిలిచిపోవడంలో భూస్వరూపం పాత్ర చాలానే ఉంది.

వివరణ పెట్టె: పొగ ఎందుకు కదలదు?

భారత భూఫలకం ఆసియా కిందికి చొచ్చుకుపోతూ హిమాలయాల బరువుకు వంగింది. ఆ వంపులో ఏర్పడిన పల్లాన్ని నదులు లక్షల ఏళ్లుగా ఒండ్రుతో పూడ్చాయి. అదే గంగా మైదానం. ఉత్తరాన గోడలా పర్వతాలు, దక్షిణాన ద్వీపకల్పపు ఎత్తైన నేలలు, మధ్యలో ఈ చదునైన పల్లం. వానాకాలం పోయాక గాలులు మందగిస్తాయి. రాత్రిళ్లు నేల త్వరగా చల్లబడి, దానికి ఆనుకున్న గాలిని కూడా చల్లబరుస్తుంది. చల్లని గాలి కింద, వెచ్చని గాలి పైన ఉంటే పైకీ కిందికీ కలవడం ఆగిపోతుంది. వాహనాల పొగ, నిర్మాణాల దుమ్ము, పంజాబ్ హర్యానాల్లో వరికొయ్యలు కాల్చిన పొగ ఆ పొర కిందే చిక్కుకుంటాయి. కాల్చే వేళ కూడా కలిసొచ్చింది: భూగర్భ జలం ఆదా చేయాలని పంజాబ్ 2009లో చట్టం తెచ్చి వరినాట్లను జూన్‌లోకి జరిపింది. నాట్లు జరిగితే కోతలూ జరిగాయి. కోతలకూ గోధుమ విత్తడానికీ మధ్య గడువు తగ్గింది. రైతు తొందరపడాల్సిన వారాలు సరిగ్గా గాలి స్తంభించే వారాలయ్యాయి.

హాలులో ఓడి, మైదానంలో గెలిచిన మాట

ఇంత తిప్పలు పడి అంతమందిని బస్సుల్లో తిప్పడం అవసరమా? ఫొటోలు చూపిస్తే సరిపోదా? ఈ ప్రశ్నకు ఈ శాస్త్ర చరిత్రలోనే గట్టి జవాబు ఉంది.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు భాగంలో నల్లటి బసాల్టు పీఠభూమి ఉంది. దాని మీద మట్టి లేదు, గోకేసినట్లు రాయి బయటపడి ఉంటుంది. రాతిలో ఎండిపోయిన లోతైన కాలువలు, భారీ గుంటలు, నీళ్లు లేని జలపాతపు అంచులు కనిపిస్తాయి. డ్రై ఫాల్స్ అనే చోట ఆ అంచు దాదాపు ఐదున్నర కిలోమీటర్ల పొడవు, 120 మీటర్ల ఎత్తు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన జె హార్లెన్ బ్రెట్జ్ అక్కడ వేసవులన్నీ నడిచి, 1923 నుంచి వ్యాసాలు రాశాడు. ఇది నెమ్మదిగా జరిగిన కోత కాదు, ఊహకందని ఒక మహా వరద కొద్ది కాలంలో చెక్కిన నేల అని వాదించాడు.

1927 జనవరిలో వాషింగ్టన్ నగరంలో జరిగిన సమావేశంలో ఆయన వాదనను పెద్ద పెద్ద భూవిజ్ఞానులు వరసగా తోసిపుచ్చారు. వాళ్లలో చాలామంది ఆ నేలను చూడలేదు. నేల మార్పులన్నీ మెల్లగా జరుగుతాయన్నది అప్పటి నమ్మకం. పైగా అంత నీరు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు బ్రెట్జ్ దగ్గర సరైన జవాబు లేదు.

జవాబు ఇంకా తూర్పున ఉన్న మోంటానా రాష్ట్రంలో దొరికింది. మంచుయుగంలో ఒక హిమానీనదం వచ్చి క్లార్క్ ఫోర్క్ నదికి అడ్డంగా నిలిచింది. వెనుక మిసౌలా అనే పెద్ద సరస్సు నిండింది. మంచు నీటికంటే తేలిక కాబట్టి, నీటిమట్టం కట్ట ఎత్తులో పదింట తొమ్మిది వంతులకు చేరేసరికి కట్టే తేలడం మొదలుపెడుతుంది. కింద నుంచి నీరు దూరి కట్ట తెగుతుంది. సరస్సు కొద్ది రోజుల్లో ఖాళీ అవుతుంది. మంచు మళ్లీ ముందుకొస్తుంది, సరస్సు మళ్లీ నిండుతుంది. ఇలా ఎన్నోసార్లు జరిగింది. 1942లో జె. టి. పార్డీ అక్కడి గడ్డి మైదానంలో గుర్తించిన ఆనవాళ్లు దీనికి బలమిచ్చాయి. ఏటి అడుగున ఇసుకలో అంగుళాల ఎత్తున ఏర్పడే అలల గీతలే అక్కడ మీటర్ల ఎత్తున గులకరాళ్లతో ఉన్నాయి. వాటి మధ్య నిలబడితే మామూలు మిట్టల్లా అనిపిస్తాయి, పై నుంచి చూస్తేనే అలలని తెలుస్తుంది. నడక ఒక్కటే అన్నిటినీ చెప్పదని కూడా ఇక్కడే తెలుస్తుంది.

1965లో మంచుయుగాలను అధ్యయనం చేసే శాస్త్రవేత్తల అంతర్జాతీయ మహాసభ అమెరికాలో జరిగింది. దానికి అనుబంధంగా వేసిన క్షేత్ర పర్యటన మోంటానాలో సరస్సు ఆనవాళ్లను చూపించి, అక్కడి నుంచి ఆ గోకిన నేలలోకి తీసుకువెళ్లింది. ఆరోగ్యం బాగాలేక బ్రెట్జ్ వెళ్లలేదు. పర్యటన అయ్యాక ఆ శాస్త్రవేత్తలు ఆయనకు తంతి కొట్టారు: ఇప్పుడు మేమంతా మీ పక్షమే అన్నది దాని సారాంశం. అప్పటికి ఆయన వయసు 82. 1979లో అమెరికా భూవిజ్ఞాన సంఘం తన అత్యున్నత పురస్కారమైన పెన్‌రోజ్ పతకం ఇచ్చింది.

ఈ కథలో బ్రెట్జ్ పట్టుదలను అందరూ మెచ్చుకుంటారు. ఆ పర్యటన దారిని గీసినవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. ముందు కారణం, తర్వాత ఫలితం వచ్చేలా చోట్లను వరసపెట్టడం చిన్న పని కాదు. అదే దారిని వెనుక నుంచి మొదలుపెడితే, చూసేవాళ్లకు ముందు ఒక వింత, తర్వాత ఒక వివరణ మాత్రమే కనిపించేవి.

ఊరే పాఠమైన చోట

క్రైస్ట్‌చర్చ్‌ను ఎంచుకోవడంలో ఆ వరస సహజంగానే కుదిరింది. న్యూజిలాండ్ దక్షిణ దీవి నడుమ ఆల్పైన్ భ్రంశం పొడవునా రెండు భూఫలకాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నెట్టుకుంటున్నాయి. ఆ ఒత్తిడికి సదరన్ ఆల్ప్స్ కొన్నిచోట్ల ఏడాదికి 10 మిల్లీమీటర్ల దాకా లేస్తున్నాయి. పడమటి గాలులు సముద్రం నుంచి తెచ్చే తేమంతా ఆ కొండలకు తగిలి కురుస్తుంది. పడమటి వాలులో ఏడాదికి 10,000 మిల్లీమీటర్లు దాటే చోట్లున్నాయి. తూర్పున ఉన్న క్రైస్ట్‌చర్చ్‌లో 600కి కాస్త పైన. కొండ లేస్తుంటే వాన దాన్ని కోస్తుంటుంది. కోసిన రాయిని నదులు తూర్పుకు మోసుకొచ్చి పరిస్తే కాంటర్‌బరీ మైదానం తయారైంది.

ఆ నదులు మన గోదావరిలా రెండు గట్ల మధ్య పారవు. వైమకరీరి, రాకాయా, రంగిటాటా వంటివి వెడల్పాటి గులకరాళ్ల పరుపు మీద పదుల పాయలుగా విడిపోతూ కలుస్తూ పోతాయి. వాలు ఎక్కువ, మోయాల్సిన రాయి ఎక్కువ, నీరు ఒక రోజు తక్కువ, ఒక రోజు ఉధృతం. గట్లను పట్టి ఉంచే బంకమట్టి గానీ వేళ్లు గానీ లేవు. నీరు తగ్గగానే మోయలేని రాళ్లను నడిమధ్య వదిలేస్తుంది. ఆ దిబ్బ నీటిని రెండుగా చీలుస్తుంది. వచ్చే వరద దిబ్బలను మళ్లీ చెదరగొడుతుంది. పాయల పటం ఏడాదికేడాది మారిపోతుంది.

ఈ నదులు తెచ్చిన ఇసుక, మెత్తటి మట్టి, వాటి మధ్య చిత్తడి నేలల మీద క్రైస్ట్‌చర్చ్ ఊరు వెలిసింది. 2010 సెప్టెంబర్ 4న, తర్వాత 2011 ఫిబ్రవరి 22న భూకంపాలు వచ్చినప్పుడు ఆ నేల చరిత్ర పైకి వచ్చింది. రెండోదానిలో 185 మంది చనిపోయారు.

వివరణ పెట్టె: నేల నీరైన రోజు

డబ్బాలో బియ్యం పోసి అంచు మీద తడితే గింజలు సర్దుకుని మట్టం దిగుతుంది. వదులైన ఇసుక నేల కూడా భూకంపపు కుదుపుకు అలాగే సర్దుకోబోతుంది. కానీ దాని ఖాళీల్లో గాలి బదులు నీరు ఉంటుంది. ఆ నీటికి అంత త్వరగా తప్పించుకునే దారి ఉండదు. ఒత్తిడి పెరిగి రేణువులను ఒకదాని నుంచి ఒకటి ఎడం చేస్తుంది. రేణువులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నంతసేపే నేల బరువు మోయగలదు. ఆ ఆనుడు పోగానే అది చిక్కటి ద్రవంలా ప్రవర్తిస్తుంది. ఇళ్లు కుంగుతాయి, తేలికైన భూగర్భ ట్యాంకులు పైకి తేలుతాయి, పగుళ్ల గుండా బూడిదరంగు ఇసుకనీరు చిమ్ముతుంది. క్రైస్ట్‌చర్చ్‌లో దాదాపు 8,000 ఇళ్లున్న స్థలాలను ప్రభుత్వం నివాసానికి పనికిరావని తేల్చి కొనేసింది. ఆ స్థలాల్లో చాలామటుకు ఏవోన్ నది వంపుల వెంట ఉన్నాయి.

ఊరు తిరిగి కట్టుకున్న సమావేశ మందిరం తే పే 2021 చివర్లో తెరుచుకుంది. దాని ముఖభాగంలో పలకలను ఆ పాయల నదుల అల్లికను తలపించేలా పరిచారు. ఇలాంటి ఊరిలో భూస్వరూపాల సభ పెడితే బస్సెక్కకముందే పాఠం మొదలవుతుంది.

నీలాకాశం కింద వరద

ఇక ఫిబ్రవరి. అక్కడ వేసవి, పగలు ఎక్కువ, కనుమలు తెరిచి ఉంటాయి. కానీ దక్షిణ దీవిలో వేసవి అంటే నిశ్చింత కాదు. పడమటి తుపాను కొండలను తాకినప్పుడు వాన శిఖరాల మీద కురుస్తుంది. తేమ వదిలేసిన గాలి తూర్పుకు దిగుతూ వేడెక్కుతుంది. క్రైస్ట్‌చర్చ్ వాళ్లకు అది ఎండ కాసే, వేడిగాలి వీచే రోజు. అదే రోజు కొండల్లో పుట్టిన నదులు పొంగుతాయి. నెత్తిన నీలాకాశం, కాళ్ల కింద పొడి గులకరాళ్లు, పై నుంచి వరద. 2019 డిసెంబర్‌లో రంగిటాటా పొంగినప్పుడు దీవికి వెన్నెముక లాంటి ప్రధాన రహదారే తెగింది. అదే ఏడాది మార్చిలో పడమటి వైపు క్రాప్ నది ఎగువన 48 గంటల్లో 1,086 మిల్లీమీటర్ల వాన కురిసింది, అదే తుపానులో వైహో నది మీద వంతెన కొట్టుకుపోయింది.

అందుకే బస్సు కదిలే ముందు పర్యటన నాయకుడు చూడాల్సింది ఊరి వాతావరణం కాదు, శిఖరాల వాన అంచనా, ఎగువన నీటిమట్టం కొలిచే కేంద్రాల అంకెలు. ఆర్థర్స్ పాస్ మీదుగా ఒక రోజు దారి వేసుకుందాం. ఉదయం మైదానం, వైమకరీరి పాయలు, తర్వాత సున్నపురాయి గుట్టలు, 920 మీటర్ల ఎత్తున కనుమ, అవతల కొండచరియలు పదేపదే జారే వాలును తప్పించడానికి 1999లో కట్టిన ఓటిరా వంతెన. ఒకే రోజులో ఎండిన మైదానం నుంచి 4,000 మిల్లీమీటర్లు దాటే వానసీమకు చేరతారు. కాగితం మీద ఇది సులువు. నలభై మంది ఉన్న బస్సు ఆగడానికి రాళ్లు పడని చోటు కావాలి. నది వదిలిపోయిన మెట్లు ఏటవాలు ఎండలోనే నీడలతో తేలి కనిపిస్తాయి, మధ్యాహ్నం చదునైపోతాయి. కాబట్టి వాటిని ఉదయమే చూడాలి. ఒకచోట చర్చ వేడెక్కి అరగంట ఎక్కువైతే చివరి చోటు వదులుకోవాలి. దేన్ని వదులుకోవాలో ముందే తేల్చుకున్నవాళ్లే పర్యటనను బాగా నడుపుతారు.

కైకౌరా తీరానికి వెళితే లెక్క ఆటుపోట్లది. 2016 నవంబర్ 14న వచ్చిన 7.8 తీవ్రత భూకంపంలో అక్కడి సముద్రగర్భం కొన్నిచోట్ల మీటర్ల కొద్దీ పైకి లేచి నీళ్లలోంచి బయటికొచ్చింది. పదివేలకు పైగా చోట్ల కొండచరియలు విరిగిపడ్డాయి. తీరం వెంట రహదారి మళ్లీ తెరవడానికి 2017 డిసెంబర్ దాకా పట్టింది. లేచిన ఆ రాతి అరుగులు ఆటు వేళ బాగా కనిపిస్తాయి. పోటు వేళ వెళితే చాలా భాగం మునిగి ఉంటుంది.

మార్గదర్శక పుస్తకాలు కూడా పాతబడిపోతాయి. ఫ్రాంజ్ జోసెఫ్ హిమానీనదం మీదికి ఒకప్పుడు లోయ నుంచి నడిచి ఎక్కేవారు. మంచు వెనక్కి తగ్గి దారి ప్రమాదకరం కావడంతో 2012 నుంచి హెలికాప్టర్‌లోనే తీసుకెళ్తున్నారు. ఈ శాస్త్రంలో చిరునామాలు కూడా కదులుతాయి.

బూట్ల మట్టి, డ్రోన్ల అనుమతి

న్యూజిలాండ్ విమానాశ్రయంలో బూట్లకు మట్టి అంటి ఉంటే ముందే చెప్పాలి. చెప్పకపోతే జరిమానా పడుతుంది. మట్టితో పాటు వచ్చే తెగుళ్లు, కలుపు విత్తనాలు ఆ దీవుల పంటలకూ అడవులకూ ముప్పు. ప్రపంచం నలుమూలల మట్టి తొక్కి వచ్చే భూస్వరూప శాస్త్రవేత్తలకు ఇంతకంటే ముఖ్యమైన సూచన మరొకటి ఉండదు. అలాగే 2017లో మన దేశానికి వచ్చినవాళ్లకు డ్రోన్ పనికిరాలేదు. 2014 అక్టోబర్ నుంచి 2018 డిసెంబర్‌లో కొత్త నిబంధనలు వచ్చేదాకా పౌరులు వాటిని ఎగరవేయడంపై నిషేధం ఉండేది. కొండల్లో ఆసరా అనుకునే ఉపగ్రహ ఫోన్‌ను అనుమతి లేకుండా తెచ్చినా చిక్కే. ఇలాంటివి సభకు ఏడాది ముందే అందరికీ చెప్పకపోతే పర్యటన మొదటిరోజే పరికరాలు చెక్‌పోస్టులో ఉండిపోతాయి.

ఎవరు రాగలరు?

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇది. కొండచరియలు, డెల్టా కుంగుబాటు, తీరపు కోత తీవ్రంగా ఉన్నవి ఎక్కువగా పేద దేశాలు. సభ రుసుము, విమాన ఛార్జీ, వీసా కలిపితే ఆ దేశాల యువ పరిశోధకులకు అందనంత ఖర్చు. అంతర్జాతీయ సంఘం వాళ్లకు కొన్ని ఆర్థిక సహాయాలు ఇస్తుంది, సభలతో పాటు ప్రత్యేక శిక్షణ నడుపుతుంది. అది చాలదు. ఇంకోవైపు వేల కిలోమీటర్ల విమాన ప్రయాణం వదిలే కర్బనం కరిగించేది వీళ్లు అధ్యయనం చేసే హిమానీనదాలనే. 2021లో జరగాల్సిన కోయింబ్రా సభ కోవిడ్ వల్ల 2022 సెప్టెంబర్‌కు జరిగింది. ఆ కాలంలో తెర మీద ఎంత పని జరుగుతుందో అందరికీ తెలిసింది. ఉపన్యాసాలు తెరకు మారాలి, డబ్బు క్షేత్ర పర్యటనలకూ యువతకూ మిగలాలి అని నా అభిప్రాయం.

కలిసి నడిచినవాళ్లు ఆపదలో కలిసి పనిచేస్తారు. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీలో కొండ మీది నుంచి రాయి, మంచు కలిసి సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్లు కూలి లోయను ఊడ్చేసింది. కొన్ని నెలల్లోనే కారణాన్ని వివరించిన పరిశోధన పత్రంలో వివిధ దేశాల నుంచి యాభై మందికి పైగా రచయితలున్నారు. అప్పటికప్పుడు పుట్టే బృందం కాదది.

ఎర్రమట్టి దిబ్బల దగ్గరైతే

విశాఖ, భీమిలి మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలకు ఇలాంటి బృందాన్ని తేవాలంటే ఏం చూడాలి? మంచుయుగంలో సముద్రమట్టం తగ్గి బయటపడ్డ ఇసుకను గాలి ఒడ్డుకు తెచ్చి పోసింది. దానిలోని ఇనుము ఆక్సీకరణ చెంది ఎర్రబారింది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. గట్టిగా అతుక్కోని ఇసుక కాబట్టి వాన పడితే నేల చీలి లోతైన గండ్లు పడతాయి. నైరుతి, ఈశాన్య వానలూ తుపానులూ దాటాక జనవరి, ఫిబ్రవరి నెలలు మేలు. గండి అంచుల మీద గుంపుగా నిలబడితే అంచు విరుగుతుంది కనుక అడుగున నడిపించాలి, చిన్న జట్లుగా. సముద్రం వైపు చివరి చోటును ఆటు వేళకు కుదర్చాలి.

అన్నిటికంటే ముందు, గండ్ల తల ఏటా ఎంత వెనక్కి జరుగుతోందో చూపించే కొలతలు చేతిలో ఉండాలి. వచ్చినవాళ్లు మొదట అడిగేది అదే. ఆ కొలత కోసం అంతర్జాతీయ సభ దాకా ఆగనక్కర్లేదు. నాలుగు గండ్ల దగ్గర కదలని గుర్తులు పాతి, వచ్చే వానాకాలానికి ముందోసారి, తర్వాతోసారి టేపుతో కొలిచినా మొదటి అంకె వస్తుంది.